వాట్ల మోజు
బేస్ గిటార్ కొనే కుర్రాళ్లు ముందుగా అడిగేది ఆంప్ ఎన్ని వాట్లని. నన్నడిగితే అది తలకిందుల బేరం. అమెరికన్ రికార్డు కంపెనీ మోటౌన్ పాటల వెనక బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌నే చూడండి: 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్, దానికి లావాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. తెగితే తప్ప మార్చేవాడు కాదట! మీటేది చూపుడువేలు ఒక్కదానితోనే. మోటౌన్ వారి డెట్రాయిట్ స్టూడియోలో ఆ గిటార్ చాలావరకు తిన్నగా మిక్సింగ్ కన్సోల్‌కే వెళ్లేది. ఇంట్లో రికార్డింగుకైతే గిటార్ శబ్దాన్ని ఆంప్ లేకుండా తిన్నగా కన్సోల్‌కు పంపే ఓ మంచి డీఐ బాక్సు, ఫ్రెట్ల మీద తీగ గరగరలాడకుండా చేయించిన సెటప్ చాలు. స్టేజీ సంగతి వేరు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగను వట్టిగా మీటితే వచ్చేది సుమారు 41 హెర్ట్జ్ స్వరం. చిన్న స్పీకరు దాన్ని పలికించలేక ఆపసోపాలు పడుతుంది. డ్రమ్ముల పక్కన ప్రాక్టీస్ ఆంప్ పెడితే వాయించేవాడికే వినబడదు. అయినా పెద్ద వేదికల మీద జనానికి చేరేది డీఐ నుంచి పీఏ స్పీకర్లకు పోయే శబ్దమే కదా, మీ ఆంప్ మీకూ డ్రమ్మర్‌కూ వినబడితే సరి. మూడో అంతస్తు దాకా దాన్ని మోసేదీ మీరే మరి! మిగిలిన డబ్బుతో ఇంకో కేబులు, యాక్టివ్ బేస్ అయితే తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి కొని సంచిలో పడేసుకోండి.