జుట్టు ఊడితే మాత్రదేనా తప్పు?

మా ఆవిడ నెలన్నర పాటు థైరాయిడ్ మాత్ర మానేసింది, నాకు చెప్పకుండా. సీసాలో మాత్రలు తగ్గట్లేదేంటబ్బా అని అడిగితే అప్పుడు బయటపడింది. కారణం జుట్టు. మాత్ర మొదలెట్టాకే దువ్వెన నిండా వస్తోందిట. అత్తగారేమో మాత్రల వేడికే ఊడుతోంది, మెంతులు నానబెట్టి పట్టించమన్నారు. ఓనర్ ఆంటీ బోరు నీళ్ళ మీదకి తోసేసింది. నేనేమన్నానంటే, "ముందు ఆరోగ్యం చూసుకో, జుట్టుదేముంది". ఈ ముక్క అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను, ఎందుకో కింద చెప్తా.

తనూ సాఫ్ట్‌వేరే. ప్రొడక్షన్‌లో ఏదన్నా పగిలితే మనం మొదట అడిగేది "నిన్న ఏం డిప్లాయ్ చేశారు?" అనే కదా. తనూ అదే లెక్కేసింది. కొత్తగా వచ్చింది మాత్ర, పోతున్నది జుట్టు, కాబట్టి దొంగ మాత్రే. లాజిక్ బానే ఉంది గానీ జుట్టు ఎర్రర్ లాగ్ అప్పటికప్పుడు రాయదండీ. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, తర్వాత ఓ మూడు నెలలు ఊరికే కుదుళ్ళో కూర్చుని అప్పుడు రాలుతుంది. ఎవరికైనా రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. థైరాయిడ్ హార్మోన్ తగ్గినప్పుడు పెరగాల్సినవి కూడా మూకుమ్మడిగా విశ్రాంతిలోకి పోతాయి. అంటే ఈ రోజు దువ్వెనలోకి వచ్చిన వెంట్రుకకి రిలీవింగ్ ఆర్డర్ రెండు మూడు నెలల కిందటే, అంటే మాత్ర మొదలెట్టక ముందే, వచ్చేసిందన్నమాట.

మాత్రకి క్లీన్ చిట్ ఇచ్చేస్తున్నానని కాదు. లెవోథైరాక్సిన్ మొదలెట్టిన తొలి నెలల్లో కొందరికి తాత్కాలికంగా జుట్టు రాలచ్చని దాని కాగితంలోనే ఉంటుంది. డోసు ఎక్కువైనా రాలుతుంది, ఎందుకంటే హార్మోన్ తక్కువైనా ఎక్కువైనా జుట్టుకి పడదు. కానీ ఈ సంగతి మందు రాసేటప్పుడే ఒక్క ముక్క చెప్పి ఉంటే మా ఆవిడ మానేసేదా? టోకెన్ నంబరు పిలిచి రెండు నిమిషాల్లో పంపించేసే చోట అది అడగడం అత్యాశేమో. "జుట్టు రాలుతుంది, కంగారు పడి మానెయ్యకండి, తేరుకోడానికి నెలలు పడుతుంది" అనడానికి పది సెకన్లు చాలు.

సరే, మళ్ళీ మొదలెట్టింది. అసలు కథ ఇక్కణ్ణించే, ఇందులో విలన్ నేను. జుట్టుకి మంచిదిట అని ఆన్‌లైన్‌లో బయోటిన్ సీసా ఆర్డర్ పెట్టా. 10 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకి రోజుకి సరిపోయేది 30 మైక్రోగ్రాములని తర్వాత తెలిసింది. అంటే మూడొందల రెట్ల పైమాటే. రోజూ టిఫిన్ తర్వాత ఒకటి. ఓ రోజు అలాగే వేసుకుని ఆఫీసుకెళ్తూ ల్యాబ్‌లో రక్తం ఇచ్చింది. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, ఫ్రీ టీ4 ఎక్కువ. డోసు ఎక్కువైందని డాక్టరు తగ్గించారు. రెండు నెలలు తిరిగేసరికి కాళ్ళ వాపు, స్టాండప్‌లో నిద్ర, జుట్టు ఇంకా రాలడం.

ఈసారి వేరే డాక్టరమ్మ దగ్గరికెళ్తే ఆవిడ మొదట అడిగిందే "జుట్టుకేమైనా వాడుతున్నారా?" అని. చాలా ల్యాబ్‌ల్లో ఈ పరీక్ష కిట్లు బయోటిన్‌నే జిగురులా వాడుకుని పనిచేస్తాయిట. రక్తంలో మన మాత్రల బయోటిన్ ఈదుతుంటే టీఎస్‌హెచ్ లేనిది తక్కువగానూ, టీ4 లేనిది ఎక్కువగానూ కనిపిస్తాయి. సిస్టమ్‌లో బగ్ లేదు, మానిటరింగ్ టూలే అబద్ధం చెప్పింది! దాన్ని నమ్మి మేం సిస్టమ్‌ని మార్చాం. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే బయోటిన్ వల్ల ల్యాబ్ పరీక్షలు తప్పుగా రావచ్చని హెచ్చరిక ఇచ్చింది. నేను కొన్న సీసా మీద మాత్రం ఒత్తైన జుట్టు బొమ్మ తప్ప ఈ మాట ఎక్కడా లేదు. రక్తం తీసుకునేటప్పుడు "పరగడుపునేనా?" అని అడిగే ల్యాబు వాళ్ళు "బయోటిన్ వాడుతున్నారా?" అని కూడా అడగాలని నా డిమాండు. రెండ్రోజుల ముందు నుంచి ఆపమని థైరాయిడ్ నిపుణుల సంఘాలే చెప్తున్నాయి, ఎక్కువ డోసు వాడేవాళ్ళయితే ఇంకా ముందే ఆపాల్సి రావచ్చు కాబట్టి డాక్టర్ని అడగండి.

బయోటిన్ ఆపి మళ్ళీ చేయిస్తే టీఎస్‌హెచ్ 9. ఫెరిటిన్ కూడా చూస్తే ఐరన్ అడుగంటిపోయి ఉంది, అది ఒక్కటున్నా జుట్టు రాలుతుంది. ఐరన్ మాత్ర ఇచ్చారు గానీ థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటల ఎడం ఉండాలన్నారు, కాల్షియానికీ అంతే. పక్కపక్కనే వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. ఇంకోటి, మాత్ర వేసుకున్న అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా తాగకూడదు. మా ఇంట్లో మాత్రా ఫిల్టర్ కాఫీ చేతులు పట్టుకుని నడిచేవి.

ఇక నా సిగ్గు సంగతి. జుట్టు సోకు వ్యవహారం అనుకున్నాను. నిజానికి తన ఒంట్లో తేడా ఉందని ఆ రిపోర్టు కంటే ముందు, దానికంటే నిజాయితీగా చెప్పింది ఆ జుట్టే. తను ఆర్నెల్లుగా చెప్తూనే ఉంది, నేనూ డాక్టరూ వినలేదు. ఊడిన ప్రతి జుట్టూ థైరాయిడ్‌ది కాదు లెండి, నాది మా నాన్నగారి ఆస్తి. గుండ్రంగా మచ్చల్లా ఊడితే అది ఇంకో జబ్బు, స్కిన్ డాక్టరుకి చూపించాలి.

డోసు సరిచేసి ఏడు నెలలైంది. నుదుటి మీద చిన్న చిన్న వెంట్రుకలు లేస్తున్నాయి. జడలో ఇమడట్లేదు, నిక్కపొడుచుకుని నిలబడుతున్నాయని ఇప్పుడు దాని మీద విసుక్కుంటోంది. క్లిప్పులు ఆర్డర్ పెట్టమంది, పెట్టాను.