వంతెన మీద రాయి ఏం చెప్పాలి?

కృష్ణ మీద గాని, కాలువ మీద గాని వంతెన కట్టారంటే పక్కనే శిలాఫలకం వెలుస్తుంది. ప్రారంభించిన వారు, అధ్యక్షత వహించిన వారు, వారి పదవులు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. తేదీ అడుగున ఎక్కడో ఉంటుంది. కొన్నాళ్ళకు దాని మీద సున్నం పడుతుంది, సినిమా పోస్టరు పడుతుంది, రోడ్డు వెడల్పు చేసే రోజున రాయే మాయమవుతుంది. ఏమైందని అడిగే నాథుడుండడు. అడగకపోవడంలో వింతేమీ లేదు. ఊరివారికి పనికొచ్చే ముక్క అందులో ఒక్కటీ ఉండదు మరి.

తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాలకు నీరిచ్చే విజయవాడ ఆనకట్ట సంగతే చూడవచ్చు. 1852లో మొదలై 1855లో పూర్తయిన పాత ఆనకట్ట అనగానే అందరూ కాటన్ దొర పేరు చెబుతారు. దగ్గరుండి పని చేయించిన కెప్టెన్ ఓర్ పేరు ఎందరికి తెలుసు? రాళ్ళు మోసిన కూలీల మాట సరేసరి. ఆ ఆనకట్ట 1952లో తెగింది. 1954లో పని ప్రారంభించి 1957లో ముగించిన 70 తలుపుల బ్యారేజికి, ఆ ఏడే కన్నుమూసిన ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. పేరు సముచితమే. రాజమండ్రిలో 1900లో పూర్తయిన రైలు వంతెనకు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరు హావ్‌లాక్ పేరు దక్కింది. 1997లో దాని మీద రైళ్ళు ఆగిపోయినా ఆ దొర పేరు ఆగలేదు.

రాతి మీద మామూలు మనుషుల పేర్లు చెక్కించడం ఈ ప్రాంతానికి తెలియని విద్య కాదు. తెనాలి నుంచి రేపల్లె పోయే దారిలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాల్లో ధాతువులు దాచిన రాతి పేటికలు దొరికాయి. రెండు వేల ఏళ్ళు దాటిన ఆ పేటికల మీద కుబీరకుడనే రాజు పేరుంది. కురుడు, అతని తల్లి, తండ్రి కలిసి చేయించిన దానమూ ఉంది. గోష్ఠిలోని వారి పేర్లు వరుసగా ఉన్నాయి. అదే స్తూపం పాలరాళ్ళను 19వ శతాబ్దంలో కాలువ పనుల వారు పగలగొట్టి వెల్లటూరు తూముకు వాడుకున్నారు!

కృష్ణ ఒడ్డున బతికేవారికి పేర్ల కంటే ముందు కావలసింది ఇంకొకటి ఉంది. 2009 అక్టోబరు వరదలో బ్యారేజి వద్ద సుమారు 11 లక్షల 10 వేల క్యూసెక్కుల నీరు వచ్చింది. 2024 సెప్టెంబరులో అది 11 లక్షల 43 వేలు దాటి పాత లెక్కలన్నిటినీ మించింది. పడవలు కొట్టుకువచ్చి తలుపుల కౌంటర్ వెయిట్ దిమ్మెలను దెబ్బతీశాయి. దిగువన కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకల వారు గొడ్డూగోదాతో గట్టెక్కవలసి వచ్చింది. వరద కబురు రాగానే లంకల్లో పుట్టే ప్రశ్న, కిందటిసారి నీరు ఎంతవరకు వచ్చిందని. క్యూసెక్కుల లెక్క ఇందుకు అక్కరకు రాదు. జవాబు పెద్దల జ్ఞాపకంలోనో, గోడ మీది బురద చారలోనో వెతుక్కోవాలి. పండక్కి సున్నం కొడితే ఆ చారా పోతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల తీర గ్రామాలనూ ముంచింది. ఆనాటి నీటి ఎత్తు కళ్ళారా చూసినవారు ఏటికేడు తగ్గిపోతున్నారు.

కనుక వంతెన స్తంభం మీద ఒక గీత, దాని పక్కన సంవత్సరం చెక్కించాలి. ఆవిష్కరణ సభకు వేసే షామియానా ఖర్చు కూడా కాదిది. పాత వంతెనలు, లాకుల మీద మిగిలిన ఫలకాలను సున్నం గీకించి, ఏ ఊళ్ళో ఏ రాయి ఉందో ఇరిగేషన్, రోడ్లు భవనాల శాఖల వారు వచ్చే వర్షాకాలంలోగా జాబితా రాయించడం అవసరం. పెనుమూడి – పులిగడ్డ వంతెనతో మొదలుపెట్టవచ్చు. 2022 జిల్లాల విభజన తరువాత దాని ఒక కొస బాపట్ల జిల్లాలో, రెండో కొస కృష్ణా జిల్లాలో ఉన్నాయి. వంతెన లేని రోజుల్లో అక్కడ పడవ నడిపి జనాన్ని దాటించినవారి ఊసు కూడా రాయి మీదికి ఎక్కవలసిందే. రెండు జిల్లాల కలెక్టర్లు ఒక్కపూట అక్కడ కలుసుకుంటే ఈ పని తెములుతుంది.