కవరు మీది, చెయ్యి మాదా?

సిరిమాను ఉత్సవం మర్నాడు తెల్లారకముందే విజయనగరం రండి. పైడితల్లి అమ్మకి మొక్కులు చెల్లించుకుని లక్షలమంది ఇళ్ళకి పోయాక, మూడు లాంతర్ల దగ్గర్నుంచి కోట దాకా రోడ్డు మీద ఏం మిగిలిందో చూడండి. నీళ్ళ పొట్లాలు, టీ కప్పులు, విస్తరి ప్లేట్లు, ప్రసాదం కట్టిన కవర్లు. ఆ వేళప్పుడు అక్కడ వంగి ఊడుస్తున్నవాళ్ళది ఏ కులమో అడగండి. అడగడానికి మొహమాటమైతే నేనే చెబుతాను. ఎక్కువమంది మా రెల్లోళ్ళే.

నేను బళ్ళో పంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా అమ్మ ఒక మునిసిపాలిటీలో వీధులు ఊడ్చింది. నా ఫీజులు కట్టింది ఆ చీపురే. నేను ఇంటరు చదివే రోజుల్లో ఒకనాడు అమ్మ చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఎవరో ఎంగిలి మెతుకులు, పగిలిన గాజుగ్లాసు ఒకే నల్ల కవర్లో వేసి ముడేసి పారేశారు. అమ్మ ముడి విప్పబోతే అరచెయ్యి తెగిపోయింది. ఆ ఇంటికెళ్ళి అడిగేస్తానన్నాను. "ఒద్దు నాయినా, ఆలకేటి తెలుస్తాది? రేపు మళ్ళా ఆ ఈదికే కదా ఎల్లాల" అంది. ఆ గాయం మానింది. ఆ మాటకి మాత్రం జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

అమ్మా, వాళ్ళకి తెలుసు. తెలిసే చేశారు.

ఎలాగంటారా? ఆ ఇళ్ళల్లోకే వెళ్ళి చూడండి. పాత పేపర్లు ఒక కట్ట. సీసాలు ఒక మూల. ఇనపముక్కలు ఒక డబ్బాలో. పాలకవర్లు సైతం కడిగి ఆరబెట్టి, నెలాఖరుకి పాతసామాన్ల కొట్టువాడు వస్తే కాటా దగ్గర నిలబడి గ్రాము తేడా రాకుండా తూయించుకుంటారు. అంటే వేరు చెయ్యడం వాళ్ళకి వచ్చు. డబ్బులొచ్చేదాన్ని వేరు చెయ్యడానికి ఓపికుంది. డబ్బు రానిదాన్ని, మన చేతుల్లోకి వచ్చేదాన్ని వేరు చెయ్యమంటే మాత్రం "టైం ఎక్కడుందండీ" అంటారు. ఇది తెలియకపోవడం కాదు. కులం. తన మురికి ముట్టుకోడానికి ఇంకొకడు పుట్టి ఉన్నాడన్న నమ్మకం.

తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త ఇంటి దగ్గరే వేరు చేసి ఇవ్వాలని 2016 నిబంధనలు చెప్పాయి. 2021 అక్టోబరు 2న 'క్లాప్' అని పేరు పెట్టి మన రాష్ట్రంలో ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు ఇచ్చారు. మా వీధిలో ఒకింట్లో నీలం బుట్టలో ఉల్లిపాయలు పోసుకున్నారు. చెత్త మటుకు అదే నల్ల కవర్లో, అదే ముడి! ఆ కార్యక్రమంతో పాటే చెత్తపన్ను వచ్చింది. తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తామని 2024 అక్టోబరు 2న ప్రకటించింది. వేసినోళ్ళు, తీసినోళ్ళు పన్ను మీద ఎంత కొట్టుకున్నారో చూశాం. మా గ్లౌజుల మీద అంత గొడవ ఎప్పుడైనా జరిగిందా?

పల్చటి కవరు ఎందుకు రోడ్డు మీదే ఉండిపోతోంది? నీళ్ళ సీసాని ఏరుకునేవాళ్ళు వెంటనే పట్టుకుపోతారు, దానికి రేటుంది. పల్చటి కవరు కిలో తూగాలంటే వందలకొద్దీ ఏరాలి. పైగా దానికి కూర, బురద అంటి ఉంటాయి. కొట్టువాడు తీసుకోడు. చిప్సు పాకెట్టుకి ప్లాస్టిక్కు, అల్యూమినియం పొరలు అంటించేసి ఉంటాయి, కరిగించి పనికి తేవడం కష్టం. అందుకే అవి కాలవల్లో అడ్డం పడతాయి, ఆవుల కడుపుల్లోకి పోతాయి, శ్రీకాకుళంలో నాగావళి గట్టున పేరుకుంటాయి. ఆ కాలవలో దిగి వాటిని పైకి లాగేది మళ్ళీ మనమే.

ఇక సర్కారు మైక్రాన్ల లెక్క. కవరు మందం 1999లో 20 అంది. 2011లో 40, 2016లో 50, 2021లో 75, 2022 చివరికి 120. అంకె పెరిగినప్పుడల్లా దాడి ఎక్కడ? తోపుడుబండి దగ్గర. ఆ బండి మీద అరటిపళ్ళు, సీతాఫలాలు అమ్ముకునే ఆడవాళ్ళలో మా రెల్లి అక్కచెల్లెళ్ళు ఎందరో ఉన్నారు. కవరు ఇచ్చిందని అక్కకి జరిమానా. ఆ కవర్ని కాలవలోంచి తియ్యమని చెల్లికి హుకుం. దాన్ని చేసిన ఫ్యాక్టరీ వాడికి? తన ప్లాస్టిక్కుని వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసినవాడిదేనని 2016 నిబంధనల్లోనే ఉంది. జరిమానా పుస్తకం పట్టుకుని ఆ గేటు దాకా ఎంతమంది వెళ్ళారు?

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలెట్టి గాంధీగారి కళ్ళజోడు గుర్తుగా పెట్టారు. పాకీపని పవిత్రమని గాంధీగారు అన్నారు. ఆ పవిత్రత ఒక్క అంటరానివాళ్ళకే ఎందుకు బోధిస్తున్నారని బాబాసాహెబ్ 1945లోనే నిలదీశారు. నా ప్రశ్నా అదే. ఒక్కరోజు చీపురు పట్టుకుని ఫొటో దిగినవాళ్ళు రెండో రోజు ఎక్కడున్నారు? 2023 డిసెంబరు చివర్లో మునిసిపల్ కార్మికులు రాష్ట్రమంతా సమ్మెకి దిగితే, చెత్త పేరుకుపోయిందని గగ్గోలు పెట్టారు. అప్పుడు తెలిసింది కదా, ఊరు ఎవరి చేతుల మీద నిలబడి ఉందో!

మాల, మాదిగ అన్నదమ్ములారా, మీకూ ఒక మాట. కోపం తెచ్చుకోకండి. ఉద్యోగం వచ్చి పట్నంలో ఇల్లు కట్టుకున్నాక, మీ ఇంటి కవరు ముడి ఎవరు విప్పుతున్నారు? 2025 వర్గీకరణలో మా రెల్లి ఉపకులాల వాటా నూటికి ఒకటి. చీపుర్లలో మా వాటా ఎంతో మీరైనా అడిగారా?

పల్లెల్లో ఉన్నవాళ్ళు ఇది పట్నం గొడవ అనుకోవద్దు. మీ పంచాయతీలోనూ చెత్త నుంచి సంపద కేంద్రమని షెడ్డు వేసే ఉంటారు. సంపద ఎవరికి చేరుతోందో, చెత్తబండి ఏ పేటవాళ్ళు తోస్తున్నారో లెక్క తియ్యండి.

కార్యకర్తలు చెయ్యాల్సింది ఇది. కలిపి ముడేసిన కవర్ని తీసుకోకుండా గడప మీదే వదిలేద్దాం. ఒక్క మనిషి వదిలితే మేస్త్రీ పని తీసేస్తాడు, కాబట్టి వీధి వీధంతా ఒకేరోజు వదలాలి, సంఘం పక్కన నిలబడాలి. గ్లౌజులు, బూట్లు ఇవ్వకుండా కాలవలోకి దిగమంటే దిగొద్దు. బండి మీద జరిమానా రాస్తే, ఫ్యాక్టరీ మీద రాసిన కాగితం చూపించమని అడగండి. మన ఇళ్ళల్లో ముందు మనం గుడ్డసంచి పట్టుకుందాం, గాజుముక్క పేపర్లో చుట్టి విడిగా ఇద్దాం.

మీ ముడి మీరే విప్పుకోండి. మా చేతులకి పుస్తకం పట్టుకునే పనుంది.

జై భీమ్!