యవనుల బూడిద మనకేల?

క్రీ. శ. 79వ సంవత్సరమున వెసూవియసు పర్వతము నిప్పులు గ్రక్కినపుడు ఇటలీ దేశములోని హెర్క్యులేనియమున నొక గ్రంథాలయము బొగ్గైపోయెను. ఆ పుస్తకపు చుట్టలను విప్పకయే, ఎక్సుకిరణములతో లోపలి పొరలను చిత్రించి, గణకయంత్రముల సాయమున అక్షరములు పోల్చినందులకు 2024లో ముగ్గురు విద్యార్థులు ఏడులక్షల డాలర్ల బహుమానమందిరి. 2025లో మఱియొక చుట్ట ఫిలోడెమసు దుర్గుణములనుగూర్చి వ్రాసిన గ్రంథమని తేలినది. ఈతడు ఎపిక్యూరసు మతము నవలంబించిన గ్రీకు తాత్త్వికుడు.

ఇట్టి వార్త చెప్పినంతనే మా పర్చూరున గొందఱు పెద్దలు, “యవనుల బూడిద మనకేల? మన శాస్త్రములలో లేనిదేమి?” అందురు. అయ్యా, మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయబడిన ఎరిత్రియ సముద్రయాత్రా గ్రంథము మసాలియా సీమలో సన్నని నూలుబట్టలు విస్తారముగ నేయుదురని చెప్పుచున్నది. అది మన మచిలీపట్టణపు తీరమే. నాగార్జునకొండ త్రవ్వకములలో రోము చక్రవర్తి టైబీరియసు బంగారునాణెము దొరకినది. బంగారము పుచ్చుకొన్నపుడు లేని మైల ఆలోచనకు మాత్ర మెక్కడనుండి వచ్చినది? మన చేలలోని మిరప అమెరికానుండి సముద్రము దాటి వచ్చినదే. దాని గోత్రమడిగి పచ్చడి నూరు ఇల్లాలు మా యూర నొక్కతెయు లేదు!

అన్నియు మనలో నున్నవట. ఉండవచ్చును. సభలలో గార్గి పేరు చెప్పి మురియువారు తమ కూతురికి తర్కసంగ్రహము చెప్పించిరా? మొదటి శతాబ్దమున రోములో ముసోనియసు రూఫసను నాచార్యుడు కొడుకులకువలెనే కూతుండ్రకును విద్య గఱపవలెననియు, స్త్రీలును తత్త్వవిచారము చేయవలెననియు బోధించెను. అతని శిష్యుడైన ఎపిక్టేటసు బానిసగా బ్రదికినవాడు. ఆ బానిస పిదప గురుపీఠ మెక్కగా శ్రీమంతుల బిడ్డలు వచ్చి పాఠము వినిరి. అంటరానితనమును ధర్మమని పోషించిన మనము ఈ కథ వినదగదా?

యవనులను నెత్తి కెత్తుకొనుమని నేననను. దాస్యము కొందఱికి స్వభావసిద్ధమని వాదించిన అరిస్టాటిలును మనువుతోబాటు నిలదీయవలసినదే. నిలదీయుటకైనను చదువవలెను గదా!

ఇక ఇంగ్లీషు చదివిన మా తెగవారి సంగతి. వీరు జోవెట్టు దొరగారి ఇంగ్లీషును జదివి ప్లేటోను జదివితి మనుకొందురు. 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున కుపాధ్యక్షులుగ నుండిన రాధాకృష్ణపండితులు 1939లో ప్రాచ్యమతములను పాశ్చాత్యచింతనను సరిపోల్చి గొప్ప గ్రంథము వెలువరించిరి, అదియు ఇంగ్లీషే. వంటయింటి గడపదాటి అది లోనికి రాలేదు.

గ్రీకుభాష మనకు దుర్గమమా? ద్వివచనము కలదు, ఆత్మనేపదమును బోలిన క్రియారూపములు కలవు, మన ‘పితర్’ అచ్చట ‘పతేర్’. పాణినీయము చదివిన కుఱ్ఱవానికి సగము దారి నడచినట్లే. మన విశ్వవిద్యాలయములలో సంస్కృతశాఖ ప్రక్కనే గ్రీకునకొక పీఠము పెట్టవలెను. మూలమునుండి నేరుగా తెనిగించుటకు ఎపిక్టేటసు చేతిపుస్తకము చాలును. అందున్నవి ఏబదిమూడు చిన్న ప్రకరణములే. దినమున కొకటి చొప్పున రెండునెలలు పట్టదు.