పిడుదు కాటు.. మటన్‌ తింటే చేటు!

* రోగనిరోధక వ్యవస్థను తప్పుదారి పట్టిస్తున్న లాలాజలం
* తిన్న గంటల తర్వాత బయటపడే అలెర్జీ
* పశుపోషకుల్లో అవగాహన అవసరం

కీసర: పశువుల చెవుల్లో, పొదుగు చుట్టూ పట్టుకుని రక్తం పీల్చే పిడుదులను పాడి రైతులు పాల దిగుబడిని దెబ్బతీసే పురుగులుగానే చూస్తారు. గోమార్లుగానూ పిలిచే ఇవి మనిషిని కుడితే కొందరికి మాంసమే పడకుండా పోతుందని శాస్త్రవేత్తలు నిరూపించారు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలోనే ప్రథమ స్థానంలో ఉన్న తెలంగాణకు ఈ పరిశోధన దూరపు కబురు కాదు. పిల్లలను అమెరికా పంపిన కీసర, శామీర్‌పేట, మేడ్చల్‌ ప్రాంత కుటుంబాలూ తెలుసుకోవాల్సిన విషయమిది.

క్యాన్సర్‌ మందుతో బయటపడింది

సెటుక్సిమాబ్‌ అనే క్యాన్సర్‌ మందు తొలి డోసుకే అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పలువురు రోగులకు తీవ్రమైన అలెర్జీ వచ్చింది. ఆ మందులోని ఆల్ఫా-గాల్‌ అనే చక్కెర పదార్థమే కారణమని వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్‌ ప్లాట్స్‌ మిల్స్‌ బృందం 2008లో వెల్లడించింది. ఆ రోగుల రక్తంలో మందు ఎక్కించక ముందే దానికి వ్యతిరేకమైన ఐజీఈ ప్రతిరక్షకాలు ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నకు సమాధానం పిడుదు కాటులో దొరికింది. ప్లాట్స్‌ మిల్స్‌కే 2007లో పిడుదులు కుట్టాయి. తర్వాత గొర్రె మాంసం తిన్న కొన్ని గంటలకు ఆయన ఒళ్లంతా దద్దుర్లు లేచాయి.

ఆలస్యమే అసలు చిక్కు

గొర్రె, మేక, ఆవు, పంది వంటి క్షీరదాల శరీరంలో ఆల్ఫా-గాల్‌ ఉంటుంది. మనిషిలో ఉండదు. సాధారణంగా తిండి ద్వారా కడుపులోకి వెళ్లినప్పుడు శరీరం దీన్ని పట్టించుకోదు. పిడుదు లాలాజలంతో కలిసి చర్మం గుండా ప్రవేశించినప్పుడు మాత్రం కొందరిలో రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆపై మాంసం తింటే దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి. కొందరిలో రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం ఏర్పడుతుంది. లక్షణాలు సాధారణంగా 2 నుంచి 6 గంటల తర్వాత కనిపిస్తాయి. రాత్రి మటన్‌ తిని నడిజామున బాధపడే వ్యక్తి దాన్ని అజీర్ణమనుకునే ప్రమాదముంది. కోడి, చేప, గుడ్డులో ఈ పదార్థం లేదు. కొందరికి మాత్రం పాలు, జెలటిన్‌ కూడా పడవు.

అమెరికాలో 2010 నుంచి 4.5 లక్షల మంది వరకు దీని బారిన పడి ఉండవచ్చని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2023లో అంచనా వేసింది. 2024లో న్యూజెర్సీకి చెందిన ఒకరు హాంబర్గర్‌ తిన్న కొన్ని గంటలకు మరణించారు. ఈ అలెర్జీయే కారణమని పరిశోధకులు 2025లో ప్రకటించారు.

మన దగ్గర

అమెరికాలో ఈ సమస్యకు ప్రధాన కారణమైన లోన్‌స్టార్‌ పిడుదు మన దేశంలో లేదు. అయితే ఆస్ట్రేలియా, స్వీడన్‌, జపాన్‌లలో వేరే జాతుల పిడుదుల వల్ల కూడా ఇదే అలెర్జీ వచ్చింది. కుట్టిన ప్రతి ఒక్కరికీ ఇది రాదు కాబట్టి భయపడాల్సిన పనిలేదు. అలాగని పిడుదులను తేలిగ్గా తీసుకోవడమూ తగదు. పొరుగున ఉన్న కర్ణాటకలో 1957లో బయటపడిన క్యాసనూరు అటవీ జ్వరం వీటి ద్వారానే వ్యాపిస్తుంది. సంకరజాతి ఆవులను బలిగొనే థైలీరియాసిస్‌కూ ఇవే వాహకాలు.

పశువుల పాకలను శుభ్రంగా ఉంచి, పశువైద్యుల సలహాతో మందు పిచికారీ చేయాలి. మేతకు, కట్టెలకు గుట్టల వెంట తిరిగేవారు నిండుగా దుస్తులు ధరించి, ఇంటికి రాగానే ఒళ్లు పరిశీలించుకోవాలి. చర్మాన్ని పట్టుకున్న పిడుదుపై కిరోసిన్‌ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం ప్రమాదకరం. సన్నని ట్వీజర్‌తో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగేయాలి. మాంసం తిన్న ప్రతిసారీ దద్దుర్లు వస్తుంటే పిడుదు కుట్టిన విషయాన్ని వైద్యుడికి చెప్పాలి. రక్తపరీక్షతో దీన్ని గుర్తించవచ్చు. మళ్లీ కాటుకు గురికాకుంటే కొందరిలో అలెర్జీ క్రమేణా తగ్గుతుంది.

పశువును చూసే వైద్యుడు, మనిషిని చూసే వైద్యుడు ఎవరి దారి వారిదన్నట్లు ఉంటే ఇలాంటి వ్యాధుల జాడ చిక్కదు. గ్రామాల్లో నిర్వహించే పశువైద్య శిబిరాల్లోనే కాపరుల ఆరోగ్యాన్నీ పరిశీలించేలా రెండు శాఖలు చొరవ తీసుకోవాలి.