మరమగ్గానికి అందని వెల్క్రో బట్ట

సిరిసిల్ల: చీరల ఆర్డర్లు లేనప్పుడు వెల్క్రో బట్ట వంటివి తయారు చేయవచ్చు కదా అనడం తేలికే. వెల్క్రోలో ఒకవైపు కొక్కేలు, మరోవైపు వాటికి చిక్కే ఉచ్చులు ఉంటాయి. పిల్లల డైపర్లకు ఉచ్చుల బట్ట పలుచగా, చవకగా ఉండాలి కనుక అల్లిక బట్టను వాడుతున్నారు. వార్ప్ నిటింగ్ యంత్రంలో పేక ఉండదు. పడుగు పోగులే సూదులపై ఒకదానిలో ఒకటి చిక్కుకుంటూ బట్టగా మారుతాయి. పైన వదులుగా నిలిచిన పోగులను తీగల బ్రష్షుతో రేపితే ఉచ్చులు లేస్తాయి. మితిమీరి రేపితే పోగు తెగి, కొక్కేనికి పట్టు దొరకదు. పడుగు, పేకలతో నేసే మరమగ్గంపై ఈ అల్లిక సాధ్యం కాదు. పాలిస్టర్ నూలు సిరిసిల్లకు కొత్త కాదు, యంత్రమే వేరు. నాలుగు మగ్గాల ఆసామి దాన్ని కొనగలడా? సలహాదారులు ముందుగా చెప్పవలసింది ఇదే.