ఇంటికొకరు రండి: ధర్మసాగర్ విశ్వాసులకు విజ్ఞప్తి



ఉజ్జీవ కూటాలకు ఇంక మూడు వారాలే ఉంది. షామియానా మాట్లాడేశాం. మైకు సెట్టుకు అడ్వాన్సు ఇచ్చేశాం. ప్రసంగీకుల ఫొటోలతో ఫ్లెక్సీలు రోడ్డు పొడుగునా కట్టేశారు. చందాలు అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చాయి, ఆ విషయంలో ఎవరినీ ఒక్క మాట అనను. కానీ ఈ కూటాల కోసం పెట్టుకున్న శుక్రవారం రాత్రి ప్రార్థనకు మొన్న వచ్చింది తొమ్మిది మంది. మన సంఘంలో నూట అరవై కుటుంబాలున్నాయి. ఆ తొమ్మిదిమందిలో ఏడుగురు అమ్మలు, అవ్వలు. మగవాళ్లలో పాస్టరు గారు, నేను. అంతే.

ప్రార్థన బాధ్యత సంఘం నాకు అప్పగించింది. ఈ కొరతకు ముందుగా జవాబు చెప్పాల్సింది నేనే. అందుకే రాస్తున్నాను. మాట కటువుగా ఉంటే ఓర్చుకోండి, విషయం అలాంటిది.

ఆ రాత్రి ప్రార్థన అయ్యాక ఒక పెద్దాయనకు ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడిగితే ఆయన అన్న మాట ఇది: "ఒంగోలు కొండ మీద ఐదుగురే కదా తమ్మీ ప్రార్థన చేసింది? మీరు తొమ్మిది మంది ఉన్నారు, చాలదా?" ఈ మాట ఆయన ఒక్కడిదే కాదు. ఒంగోలు ఐదుగురిని మనం సాక్ష్యంగా చెప్పుకోవడం మానేసి సాకుగా వాడుకుంటున్నాం. కాబట్టి ఆ ఐదుగురి సంగతి సరిగా గుర్తు చేసుకుందాం.

1853లో అమెరికాలోని బాప్టిస్టు మిషన్ పెద్దలు తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని కూర్చుని చర్చించారు. శామ్యూల్ డే నెల్లూరులో పని మొదలుపెట్టి అప్పటికి పదమూడేళ్లు, ఫలం చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఆ మరుసటి సంవత్సరం, 1854 జనవరి 1న తెల్లవారుజామున, మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, నర్సు అనే సహోదరుడు, జూలియా, రూతు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కారు. ఒకరి తర్వాత ఒకరు మోకాళ్లూని, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. ఆ కొండను ఇవాళ్టికీ ప్రార్థన కొండ అంటున్నారు.

ఐదుగురు. నిజమే. కానీ ఒంగోలులో అప్పటికి సంఘమే లేదు. ఆ కొండ మీద మోకరించడానికి ఇంకెవరున్నారు? నూట అరవై ఇళ్లవాళ్లు కింద పడుకుని, పైకి ఐదుగురిని పంపిన కథ కాదు అది. ఉన్నవాళ్లంతా ఎక్కారు. మన తొమ్మిదిమందిని వాళ్ల పక్కన నిలబెట్టడం వాళ్లను అవమానించడమే. ఇంకొకటి కూడా చూడండి: ఆ ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు, ఇద్దరు పురుషులు. మన లెక్కలో ఏడుగురికి ఇద్దరం. నూట డెబ్బై ఏళ్లలో మగవాళ్లం ముందుకు పోయామా, వెనక్కి పోయామా?

ఆ ప్రార్థనకు జవాబు కూడా మరునాడే రాలేదు. వాళ్లు అడిగిన సేవకుడు జాన్ క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో, అంటే పన్నెండేళ్ల తర్వాత. ఈ మధ్యలో 1862లో మిషన్‌ను మూసే మాట మళ్లీ వచ్చింది. అప్పుడు అమెరికాలో ఉన్న జూయెట్, మీరు పంపినా పంపకపోయినా నేను మాత్రం వెనక్కి వెళ్తాను, అక్కడే బతుకుతాను, అక్కడే చనిపోతాను అని నిలబడ్డాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. మొన్నటి మన ప్రార్థనకు వచ్చినవాళ్ల కన్నా ఒకరు తక్కువ. కానీ ఆ ఎనిమిది మందే మొత్తం సంఘం.

ఆ తర్వాతి కథలో మన పెద్దలే ఉన్నారు. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య, తోళ్ల పని చేసుకునే మాదిగ కుటుంబీకుడు, 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగాడు. ఆదివారం పని చేయం, చచ్చిన గొడ్డును తినం, విగ్రహాలకు మొక్కం అని నిలబడినందుకు ఆ పల్లెల్లో మనవాళ్లు పడిన బాధలు తక్కువ కాదు. 1876లో కరువు వచ్చింది. క్లౌ చేతులు కట్టుకుని ప్రార్థన మాత్రమే చేయలేదు, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. కూలి కోసం కలుస్తున్నారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. అది ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. ఆ బాప్తిస్మాలు ఇచ్చింది తెలుగు బోధకులే. ఐదుగురు అడిగిన ఇరవై నాలుగేళ్లకు అది.

అదంతా కోస్తా సంగతి, మనకేంటి అంటారేమో. ఆ ఉజ్జీవం తర్వాత ఏడాదే, 1879లో, అదే మిషన్ మన హన్మకొండకు వచ్చింది. ఆ కొండకూ మనకూ ఉన్న బంధుత్వం అది.

ఈ ప్రార్థన మార్గం ఒంగోలుతో ఆగిపోలేదు. 1905 జనవరిలో పండిత రమాబాయి పూణె దగ్గరి కేడ్గావ్ ముక్తి సదనంలో ఆడపిల్లలను, స్త్రీలను ప్రార్థన గుంపులుగా కూర్చోబెట్టింది. ఆ జూన్‌లోనే అక్కడ ఉజ్జీవం రేగింది, మరుసటి ఏడు తెలుగు సంఘాలనూ కదిలించింది. భక్త సింగ్ గారు 1941లో మద్రాసులో సహవాసం మొదలుపెట్టక ముందు కొద్దిమందితో పల్లావరం కొండ మీద రాత్రంతా ప్రార్థించారు. మనలో చాలామంది ఏటా వెళ్లి వచ్చే హైదరాబాదు హెబ్రోను మూలం ఆ రాత్రిలో ఉంది. షామియానా ముందు వేసి ప్రార్థన తర్వాత చూసుకుందామన్నవాళ్లు ఈ వరుసలో ఒక్కరూ లేరు.

మన దగ్గర మాత్రం వరుస తలకిందులైంది. ప్రసంగీకుడు గట్టివాడైతే ఉజ్జీవం వస్తుందనుకుంటున్నాం. సంగీత బృందం బాగుంటే వస్తుందనుకుంటున్నాం. కొందరు, మేం ఫోన్‌లో లైవ్ ప్రార్థన చూస్తున్నాం అంటున్నారు. చూడటం వేరు, మోకాళ్లూనడం వేరు. ఇంకొందరు, మేం కరుణాపురం వెళ్తున్నాం అంటున్నారు. పెద్ద పెండ్యాల దాపున అంత పెద్ద మందిరం లేచి, వేలమంది అక్కడ ప్రభువును స్తుతిస్తుంటే నాకూ సంతోషమే. వెళ్లండి. కానీ మన ఊరి రిజర్వాయరు నిండినా తూము తెరవకపోతే పొలం తడవదన్న సంగతి మీకు నేను చెప్పాలా? మీ వాడలో, మీ ఇంట్లో, మీ సంఘంలో ఎవరు ప్రార్థిస్తారు?

ప్రార్థించడానికి విషయాలు లేవా? వరంగల్ చుట్టూ భూముల ధరలు పెరిగినప్పటి నుంచి అన్నదమ్ములు కోర్టులకెక్కి, ఆదివారం ఒకే బల్ల దగ్గర ప్రభువు సంస్కారం తీసుకుంటున్నారు. పండుగ రాత్రి మందిరంలో పాటలు పాడిన పిల్లలు ఆ రాత్రే సీసాలు తెరుస్తున్నారు. ఆరాధనలో అందరం ఒకటే అంటాం, పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి మాల, మాదిగ అని గీత గీస్తాం. తల్లులు ఒంటరిగా ఏడ్చి ప్రార్థిస్తుంటే తండ్రులకు తెలియదు. వీటిలో దేనికి మైకు సెట్టు జవాబు చెబుతుంది? మూడు రాత్రుల ప్రసంగాలు విని, భోజనాలు చేసి, నాలుగో రోజు మళ్లీ అదే కోర్టుకు వెళ్లేటట్లయితే ఆ డబ్బు పేదలకు పంచడమే మేలు. ఈ మాట కమిటీలోనూ అన్నాను, ఇక్కడా అంటున్నాను.

ఉజ్జీవం దేవుడు ఇచ్చేది. మనం బలవంతంగా దింపగలిగేది కాదు, తేదీ చెప్పి రప్పించగలిగేది కాదు. ఈ మూడు రాత్రుల్లోనే వస్తుందని నేను మాట ఇవ్వను. జూయెట్ కూడా ఇవ్వలేదు. అడగడం మాత్రం మన వంతు. హబక్కూకు అడిగాడు. మేడగదిలో నూట ఇరవై మంది అడిగారు. అడగకుండా ఆశపడటం విశ్వాసం కాదు, సోమరితనం.

పొలం పనులున్నాయి, నాకు తెలుసు. కాజీపేటలో నైట్ డ్యూటీలు చేసేవాళ్లున్నారు. వాళ్లను ఏమీ అనను. డ్యూటీ లేనివాళ్లను అడుగుతున్నాను. క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి పన్నెండు దాకా మెలకువగా ఉన్నవాళ్లను అడుగుతున్నాను. చందా పుస్తకంలో మొదటి పేజీలో పేరు రాయించుకున్న పెద్దలను ప్రత్యేకంగా అడుగుతున్నాను. మీ డబ్బు మాకు అందింది, మీరే ఇంకా అందలేదు.

రేపటి నుంచి మూడు వారాలు, రోజూ తెల్లవారుజామున ఐదింటికి మందిరంలో అరగంట ప్రార్థన ఉంటుంది. రాలేని ముసలివాళ్లు, బాలింతలు అదే సమయానికి ఇంట్లోనే మోకరించండి. గొడవల్లో ఉన్న అన్నదమ్ములు కూటాలకు ముందే ఒకరి గుమ్మం ఒకరు తొక్కండి. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ఉపవాస ప్రార్థన. నూట అరవై కుటుంబాలు, ఇంటికొకరు. ఈసారి ఇంటి నుంచి మగవాళ్లు రండి.